లెసోతోలో కిలోమీటర్లు లెక్కకు రావు

దక్షిణాఫ్రికా యాత్ర అనగానే మనవాళ్ల ప్రణాళికలు దాదాపు ఒకేలా ఉంటాయి. జోహన్నెస్‌బర్గ్‌లో దిగుతారు, క్రూగర్‌లో సింహాల్ని చూస్తారు, కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్ ఎక్కుతారు, డర్బన్‌లో సముద్రం ఒడ్డున రెండు రోజులు గడుపుతారు. ఆ రెండింట్లో ఒకటి ఖాళీగా మిగిలితే 'సానీ పాస్ మీదుగా లెసోతో' అనే ఒకరోజు విహారం అందులోకి ఇరుకుతుంది. తెల్లారకముందే బయల్దేరడం, జీపులో మలుపులన్నీ తిరిగి పైకెక్కడం, సరిహద్దు దగ్గర ముద్ర కొట్టించుకోవడం, కొండ అంచునున్న హోటల్లో ఏదో తినడం, సాయంత్రానికి దిగి వచ్చేయడం. పాస్‌పోర్టులో మరో దేశం చేరుతుంది. లెసోతోని ఇలా చూసేయడం కన్నా ఆ రోజు డర్బన్‌లోనే హాయిగా నిద్రపోవడం మేలన్నది నా వాదన. వెళ్లదలిస్తే కనీసం ఐదు రాత్రులు ఆ దేశంలోనే పడుకునేలా వెళ్లాలి. ఇది భావుకత కొద్దీ చెబుతున్న మాట కాదు. వీసా దగ్గర్నుంచి స్వెట్టర్ దాకా, బండి దగ్గర్నుంచి భోజనం దాకా అక్కడ యాత్రికుడికి ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావాటి జవాబు ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది. అది ఎత్తు. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలన్నా, దాన్ని దాటాలన్నా, అక్కడ బతుకుతున్న మనుషులతో నాలుగు మాటలు మాట్లాడాలన్నా ఒక పూట చాలదు.

లెసోతో విస్తీర్ణం 30,355 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నాలుగో వంతుకి కాస్త ఎక్కువ. జనాభా 20 లక్షల పైచిలుకు. నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే, వేరే పొరుగు లేదు, సముద్రం లేదు. పటం చూస్తే రెండు రోజుల్లో అటు నుంచి ఇటు చుట్టేయొచ్చు అనిపిస్తుంది. పటం చదునుగా ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. ఈ దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటు, సెంకూ నది మఖలేంగ్ నదితో కలిసే చోటు, సముద్ర మట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంది. భూభాగం మొత్తం వెయ్యి మీటర్లకు పైనే ఉన్న స్వతంత్ర దేశం ప్రపంచంలో ఇదొక్కటే. మన అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లన్నది గుర్తు చేసుకుంటే సంగతి అర్థమవుతుంది. రాజధాని మసేరు ఎత్తు దాదాపు 1,600 మీటర్లు. అక్కడివాళ్ల లెక్కలో అది పల్లపు సీమ! అసలు కొండలు దానికి తూర్పున మొదలవుతాయి. తబానా న్‌ట్లెన్యానా శిఖరం 3,482 మీటర్లు. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో అంతకన్నా ఎత్తయినది లేదు.

ఉత్తరాన బుతా-బుతే పట్టణం నుంచి తూర్పున మొఖోట్లాంగ్ వరకు దారి 200 కిలోమీటర్ల లోపే, అదీ తారు రోడ్డు. మన జాతీయ రహదారి మీదైతే మూడు గంటల్లోపు పని. కానీ ఆ దారిలో 2,820 మీటర్ల మొటెంగ్ కనుమ ఉంది, దాని తర్వాత 3,222 మీటర్ల మహ్లసేలా కనుమ ఉంది, ఆ తర్వాత 3,250 మీటర్లు దాటే ట్లాయెంగ్ కనుమ ఉంది. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. మధ్యలో గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే ఆగడం. సగం రోజు అందులోనే పోతుంది. లెరీబే వైపు నుంచి కాట్సే ఆనకట్టకు వెళ్లాలన్నా 3,090 మీటర్ల మాఫికా లిసియు కనుమ ఎక్కక తప్పదు. అందుకే లెసోతో యాత్రకు నేను చెప్పే మొదటి సూత్రం, రోజుకి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా ఎన్ని కనుమలు అని లెక్క వేసుకోవడం. రోజుకి ఒక పెద్ద కనుమ, మజిలీకి రెండు రాత్రులు. చీకటి పడ్డాక బండి నడపకూడదు. గాడిదలు, ఆవులు, దీపాల్లేని బండ్లు, నల్ల దుప్పట్లు కప్పుకుని రోడ్డంట నడిచే మనుషులు హెడ్‌లైట్ల వెలుగులో ఆఖరి క్షణంలో గానీ కనబడరు.

ఇంత ఎత్తున తారు రోడ్లు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు యాత్రికుడికి ఉపయోగపడుతుంది. 1986లో లెసోతో, దక్షిణాఫ్రికా ఒక జల ఒప్పందం చేసుకున్నాయి. ఈ కొండల్లో కురిసిన నీటిని ఆనకట్టలతో నిలిపి, సొరంగాల్లోంచి జోహన్నెస్‌బర్గ్ ప్రాంతానికి పంపడం, అందుకు ప్రతిగా లెసోతో రాయల్టీ తీసుకోవడం దాని సారాంశం. 185 మీటర్ల ఎత్తున్న కాట్సే కాంక్రీటు ఆనకట్ట 1996లో పూర్తయింది. దాని సిమెంటూ, యంత్రాలూ పైకి చేరడానికి వేసిన దారే ఇవాళ మన అద్దె కారు ఎక్కే దారి. అంటే మంచి రోడ్డు ఉన్నచోట దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ప్రాజెక్టో, గనో ఉంటుంది. లెట్సెంగ్ వజ్రాల గని సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంది. 2018లో 910 క్యారెట్ల వజ్రం దొరికింది ఇక్కడే. ప్రాజెక్టు లేని లోయల్లో మట్టి దారే దిక్కు, ఆ తర్వాత గుర్రమే దిక్కు. పటంలో గీత ఉందికదా అని చిన్న కారుని ఆ దారుల్లోకి తిప్పితే కష్టాలు కొని తెచ్చుకున్నట్టే. మొదటిసారి వెళ్లేవాళ్లు మసేరు, రోమా, సెమోన్‌కాంగ్, మొరిజా, మలెయాలెయా, కాట్సే చుట్టూ ఉండే దారులకు పరిమితమైతే మంచిది. మలెయాలెయా చివర కొంత మట్టి దారి మినహా మామూలు కారుతో సరిపోతుంది.

ఎత్తు అన్నది కేవలం ప్రకృతి ఇచ్చింది అనుకుంటే సగమే తెలిసినట్టు. 19వ శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతమంతా యుద్ధాలతో, వలసలతో అల్లకల్లోలంగా ఉన్నప్పుడు మొషూషూ అనే నాయకుడు చెదిరిన తెగల్ని చేరదీసి 1824లో తాబా బొసియు అనే బల్లపరుపు కొండ మీదికి చేర్చాడు. నిట్టనిలువు అంచులున్న ఆ కొండని ఆయన బతికుండగా ఏ సైన్యమూ గెలుచుకోలేకపోయింది. కానీ కింది నేల మిగల్లేదు. 1850, 60 దశకాల్లో డచ్చి సంతతి బోయర్లు కాలెడన్ నదికి పడమటనున్న సారవంతమైన భూముల్ని ఆక్రమించుకున్నారు. 1868లో మొషూషూ బ్రిటన్ రక్షణ కోరడంతో మిగిలిన కొండలు మిగిలాయి. ఆ బ్రిటిష్ బసూటోలాండే 1966 అక్టోబర్ 4న స్వతంత్ర లెసోతో అయింది. దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్ నుంచి మసేరుకి కారులో వచ్చేవాళ్లకు సరిహద్దు దాకా రెండు పక్కలా కనబడే విశాలమైన పొలాలు, సరిహద్దు దాటగానే ఇరుకు చెక్కలుగా మారిపోయిన చేలు ఆ చరిత్రే. యాత్రని సానీ కనుమతో మొదలుపెట్టినవాళ్లకు ఈ దేశం వింత ప్రకృతిదృశ్యంగా కనబడుతుంది. మసేరుకి తూర్పున పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న తాబా బొసియుతో మొదలుపెడితే, ఈ మనుషులు ఇంత ఎత్తున ఎందుకున్నారో మొదటి రోజే తెలుస్తుంది. స్థానిక గైడ్‌ని పెట్టుకుని పొద్దున్నే ఎక్కండి. మొషూషూ సమాధి పైనే ఉంది. ఆ వెంటనే మొరిజా మ్యూజియం చూస్తే ఇంకా మంచిది. 1833లో వచ్చిన ఫ్రెంచి మిషనరీలు అక్కడ పెట్టిన అచ్చుయంత్రం ఆ దేశపు భాష సెసోతోలో సాహిత్యానికి పురిటిల్లు. థామస్ మొఫోలో నవల 'చాకా' 1925లో మొరిజా నుంచే వెలువడింది.

జాత్యహంకార పాలన రోజుల్లో ఈ సరిహద్దుకి ఇంకో అర్థం ఉండేది. దక్షిణాఫ్రికా నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు మసేరు తలదాచుకునే చోటు. ఆ పాలన మీద పోరాడిన నాయకుడు క్రిస్ హానీ ఇక్కడే ఏళ్ల తరబడి ఉన్నాడు. 1982 డిసెంబర్ 9న దక్షిణాఫ్రికా సైన్యం రాత్రివేళ మసేరులో ఇళ్ల మీద దాడి చేసి 42 మందిని చంపింది. వాళ్లలో 12 మంది లెసోతో పౌరులు. అదే కాలంలో అదే సరిహద్దు దాటి తెల్లజాతి పర్యాటకులు వారాంతాల్లో మసేరు జూదశాలలకు వచ్చి పోయేవారు, తమ దేశంలో నిషేధం కాబట్టి. మనకి సంబంధించిన సంగతీ ఒకటుంది. బ్లూమ్‌ఫాంటేన్ ఉన్న ఫ్రీస్టేట్‌లో భారత సంతతివాళ్లు నివసించకూడదన్న 1891 నాటి నిషేధం 1980ల నడుమ దాకా కొనసాగింది. ఇవాళ మనం అద్దె కారు తాళాలు తీసుకుని తాపీగా ఆ దారిన వెళ్తున్నామంటే అది పాత అలవాటేమీ కాదు.

ఇక ఒకరోజు విహారాన్ని సమర్థించేవాళ్ల మాట వినాలి. సెలవులు తక్కువ, వీసా ఖర్చు ఎక్కువ, సానీ కనుమ ఎలాగూ గొప్ప దృశ్యం, అదొక్కటి చూస్తే తప్పేమిటంటారు. కనుమ గొప్పదే, కాదనలేం. 2,876 మీటర్ల ఎత్తుకి గులకరాళ్ల మలుపుల్లో ఎక్కే ఆ దారి డ్రేకెన్స్‌బర్గ్ పర్వతాల గోడని ఎదురుగా నిలబెడుతుంది. కానీ పైకెక్కాక కనబడేది దేశం అంచు మాత్రమే: ఒక గడ్డి మైదానం, గాలి, సందర్శకుల కోసం తలుపు తెరిచి ఉంచిన కొన్ని గుండ్రటి రాతి ఇళ్లు. జీపు కిందివాళ్లది, డ్రైవరు కిందివాడు, టికెట్టు డబ్బు అండర్‌బర్గ్‌లోనో హిమవిల్‌లోనో డర్బన్‌లోనో కట్టేశాం. నీరు పల్లమెరుగు అన్నట్టు, ఆ డబ్బూ పల్లానికే పారుతుంది. పైగా వీసా ఖర్చు ఒక పూటకైనా వారానికైనా పడేదే. ఖర్చు ఎక్కువనే వాదన నిజానికి ఎక్కువ రోజులుండడానికే బలం చేకూరుస్తుంది. సానీని వదులుకోనక్కర్లేదు కూడా. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి ఉంటే దాన్ని ప్రవేశద్వారంగా కాక నిష్క్రమణ ద్వారంగా పెట్టుకోండి: మొఖోట్లాంగ్ నుంచి కనుమ అంచు దాకా తారు రోడ్డు, అక్కణ్నుంచి దిగుడు. అలాంటి బండి లేకపోతే దక్షిణాఫ్రికా వైపు సిబ్బంది ఆ దారిలోకి వెళ్లనివ్వరు. సరిహద్దు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. మంచు పడితే ఆ వేళలకూ హామీ లేదు. ఇలా దిగినవాళ్లు డర్బన్ చేరతారు. 1860 నుంచి చెరకు తోటల పనికి మద్రాసు రేవు మీదుగా ఓడలెక్కి వచ్చినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో దిగిన ఊరు అది, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్న ఊరు. చివరి రెండు రోజులు అక్కడ ఉంచుకోవడానికి తెలుగువాడికి వేరే కారణం అక్కర్లేదు.

కాగితాల విషయంలో ముందు చూసుకోవలసింది లెసోతో వీసా కాదు, దక్షిణాఫ్రికా వీసా. రోడ్డు మీద వెళ్లేవాళ్లు దక్షిణాఫ్రికాలోకి రెండుసార్లు ప్రవేశిస్తారు కాబట్టి ఒక్కసారి ప్రవేశానికిచ్చే వీసాతో వెళ్తే తిరుగు దారి మూసుకుపోతుంది. ఒకటి కన్నా ఎక్కువ ప్రవేశాలున్న వీసా కావాలని దరఖాస్తులోనే రాయాలి, లెసోతోలో బస వివరాలు జతచేయాలి. లెసోతోలో గడిపిన రోజులు దక్షిణాఫ్రికా గడువుకి అదనంగా కలిసొస్తాయని ఆశ పెట్టుకోకూడదు. లెసోతో సొంత వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి. ఢిల్లీలో వాళ్ల హైకమిషన్ ఉంది, అక్కణ్నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవడం మంచిది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలుంటే జనన ధ్రువపత్రం, తల్లీ తండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం దగ్గరుంచుకోవాలి. అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వెళ్లేవాళ్లు ఆ విమానాశ్రయాల్లో పన్నెండు గంటలకు మించి ఆగాల్సివస్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. కారు అద్దెకి తీసుకుంటే సరిహద్దు దాటడానికి ఆ కంపెనీ ఇచ్చే అనుమతి పత్రం ముందే అడగాలి, అది లేకుండా సరిహద్దు దాటనివ్వరు. మసేరు బ్రిడ్జ్, ఫిక్స్‌బర్గ్ దగ్గరి మపుట్సో వంతెన ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంటాయి. మిగతావాటిలో చాలావి రాత్రిళ్లు మూసేస్తారు. బండి ఎడమ పక్కనే నడపాలి, అది మనకి కొత్త కాదు.

ఎప్పుడు వెళ్లాలన్నదీ ఎత్తే తేలుస్తుంది. భూమధ్యరేఖకి అవతల కాబట్టి ఋతువులు తలకిందులు. మన సంక్రాంతి సెలవులు అక్కడ నడివేసవి: పచ్చదనం, జలపాతాల హోరు, వాటితోపాటు మధ్యాహ్నం ఉరుములు మెరుపులు. వానల్లో అత్యధిక భాగం అక్టోబర్ నుంచి ఏప్రిల్ లోపే పడుతుంది. చెట్టూ చేమా లేని గడ్డి కొండల మీద గుర్రం ఎక్కి ఉన్న మనిషే అన్నిటికన్నా ఎత్తయిన వస్తువు కాబట్టి పిడుగుల కాలంలో స్వారీ తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నంలోపు ముగియాలి. వాగులు పొంగితే గుర్రాలు దాటవు, ఆ రోజు ఆగిపోవలసిందే. జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. మహ్లసేలా దగ్గర ఆఫ్రిస్కీలో జనం మంచు మీద జారుతుంటారు, రాత్రి ఉష్ణోగ్రతలు సున్నాకి బాగా కిందికి పోతాయి, కనుమల మీద రోడ్డు గడ్డకట్టి మూతపడుతుంది. మనవాళ్లకు అన్నిటికన్నా అనువైనది మన ఎండాకాలం సెలవులే. ఏప్రిల్ చివర, మే నెలల్లో అక్కడ శరత్కాలం: వానలు తగ్గి, ఆకాశం తేటపడి, పగలు హాయిగా, రాత్రి చలిగా ఉంటుంది. రెండో అవకాశం దసరా సెలవులు. అప్పుడు పల్లపు సీమలో పీచ్ పూలు వెళ్లిపోతుంటాయి, వానలు వస్తూ ఉంటాయి. ఏ కాలంలోనైనా ఉన్ని టోపీ, వాన కోటు, ఎండకి రాసుకునే లేపనం, మూడూ ఒకే సంచిలో ఉండాలి. ఆఫ్రికా కదా, ఎండే ఉంటుందని పలచటి చొక్కాలతో దిగేవాళ్లకు మొదటి రాత్రే తెలిసొస్తుంది. అక్కడివాళ్లు ఏడాది పొడవునా ఉన్ని దుప్పటి భుజాన వేసుకునేది అలంకారం కోసం మాత్రమే కాదు.

భద్రత గురించి సందేహం న్యాయమైనదే, దాన్ని నవ్వి కొట్టిపారేసే యాత్రా వ్యాసాలంటే నాకు నమ్మకం లేదు. హత్యల రేటు ప్రపంచంలోనే ఎక్కువగా ఉన్న దేశాల్లో లెసోతో ఒకటి. అకార్డియన్ వాయిద్యంతో పాడే ఫామో సంగీతం చుట్టూ పెరిగిన ముఠాల మధ్య పగలు ఏళ్లుగా రక్తం పారిస్తున్నాయి. 2024లో ప్రభుత్వం ఆ ముఠాలు కొన్నిటిని నిషేధించింది. పశువుల దొంగతనాల మీద తగాదాలు మరో కారణం. ఇవి ఎక్కువగా వాళ్లలో వాళ్లకున్న కక్షలు. యాత్రికుడికి ఎదురయ్యే ముప్పు వేరే రకం: మసేరులో ఫోను, పర్సు లాక్కోవడం, చీకటి పడ్డాక నడిచేవాళ్లని దోచుకోవడం, ఆపి ఉంచిన కారు అద్దం పగలగొట్టడం. అవి మన చేతిలో ఉన్నంతవరకు తప్పించుకోగలిగినవే. రాజధానిలో రాత్రి కాలినడక వద్దు, బయట ఊళ్లలో గైడ్ లేకుండా నడక వద్దు, తెలియని మనిషిని దారిలో బండెక్కించుకోవద్దు. ఒకరోజు విహారం దీనికి విరుగుడు అనేవాళ్లున్నారు గానీ, ఆదరాబాదరాగా కనుమ ఎక్కి చీకటిపడేలోపు దిగాలని పరుగెత్తే బండి కన్నా ఒకచోట రెండు రాత్రులున్న మనిషే క్షేమంగా ఉంటాడు. అప్పటికి లాడ్జివాళ్లకు, ఊరివాళ్లకు అతను ఫలానా అని తెలిసి ఉంటుంది. ఎదురైన ప్రతి పెద్దమనిషినీ 'దుమేలా న్తాతే' అని, ఆడవాళ్లని 'దుమేలా మ్మే' అని పలకరించడం అక్కడ మర్యాదల్లో మొదటిది. పలకరించకుండా దారి అడగడం మోటుతనం కింద లెక్క.

పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా, శాకాహారం దొరుకుతుందా అన్న రెండు ప్రశ్నలు తెలుగిళ్లలో తప్పకుండా వస్తాయి. రెండోదానికి జవాబు సులువు. అక్కడి రోజువారీ భోజనం పాపా, మొరోహో. పాపా అంటే మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద, మన సంకటికి దూరపు చుట్టం. మొరోహో అంటే సన్నగా తరిగి ఉడికించిన ఆకుకూర. చిక్కుడు జాతి గింజల కూర కూడా ఉంటుంది. కారం మాత్రం ఉండదు, కాబట్టి పచ్చడి సీసా సంచిలో పడేసుకుంటే యాత్ర గట్టెక్కుతుంది. లాడ్జిలో గది తీసుకునేటప్పుడే మాంసం, మాంసపు రసం రెండూ వద్దని విడమరిచి చెప్పాలి. మొదటి ప్రశ్నకి కొంచెం ఆలోచన కావాలి. దేశంలో మలేరియా లేదు. క్రూగర్ వెళ్తే వేసుకోవలసిన మాత్రలు ఇక్కడి కోసం అక్కర్లేదు. కానీ 2,500 మీటర్లు దాటి పడుకునేవాళ్లలో కొందరికి తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం మామూలే. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు ఆఫ్రిస్కీ లాంటి మూడు వేల మీటర్ల మజిలీల్ని వదిలేసి, 2,200 మీటర్ల చుట్టుపక్కలుండే సెమోన్‌కాంగ్ దగ్గర ఆగిపోవాలి, అదీ మసేరులో ఒక రాత్రి గడిపాక. పెద్ద వైద్యం అవసరమైతే 140 కిలోమీటర్ల దూరంలోని బ్లూమ్‌ఫాంటేన్‌కి తరలించాలి కాబట్టి ఆ ఖర్చు భరించే బీమా లేకుండా వెళ్లకూడదు. అన్నట్టు, ఛార్జర్ల కోసం ప్రత్యేకమైన అడాప్టర్ వెతుక్కోనక్కర్లేదు. మన ఇళ్లలో గీజర్‌కి, ఏసీకి వాడే పెద్ద మూడు కాళ్ల ప్లగ్గే అక్కడి గోడల్లో ఉంటుంది.

సెమోన్‌కాంగ్‌ని మజిలీల్లో మధ్యకి పెట్టమనడానికి కారణం మలెట్సున్యానే జలపాతం. 192 మీటర్లు ఒకే దూకు. మసేరు నుంచి ఊరి దాకా సుమారు 120 కిలోమీటర్ల తారు రోడ్డు, ఆపైన అంచు దాకా గుర్రం. అక్కడి జనాన్ని బసోతోలంటారు; వాళ్ల బసోతో పోనీ పొట్టి గుర్రం, కానీ కొండ దారుల్లో దాని అడుగు తప్పదు. స్వారీ రానివాళ్లని కూడా గంటకో పూటకో తీసుకెళ్తారు. బరువు మీద పరిమితి ఉంటుంది, ముందే అడగడం గుర్రానికీ మనకీ మంచిది. మలెయాలెయాలోనూ గుర్రాలు ఊరివాళ్లవే, గైడ్లు వాళ్లే. జంతువులేం ఉంటాయని అడిగేవాళ్లకు నిజం చెప్పాలి: సింహం లేదు, ఏనుగు లేదు, మేసే గొర్రెలే. అవి కాక కనబడేవి గడ్డం రాబందు, ఈ కొండల మీద మాత్రమే పెరిగే సర్పిలాకారపు కలబంద, గడ్డిలో ఎలుకలు. ఏనుగుల్ని చూడాలనుకునేవాళ్లు క్రూగర్‌లోనే మిగిలిన రోజులన్నీ గడపడం సబబు. ఈ దేశం వాళ్ల కోసం కాదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. జనంలో దాదాపు సగం పేదరికంలో ఉన్న దేశంలో గుర్రమెక్కి ఊళ్లు చూడ్డం అవతలివాడి లేమిని వినోదం చేసుకోవడం కాదా? 2025లో అమెరికా మొదట 50 శాతం, తర్వాత 15 శాతం అని తేల్చిన సుంకాలతో మసేరు బట్టల మిల్లుల ఆర్డర్లు దెబ్బతిన్నాయి. ఆ జూలైలో నిరుద్యోగం మీద ప్రభుత్వం జాతీయ విపత్తు స్థితి ప్రకటించింది. ఇలాంటి చోటికి కెమెరాతో వెళ్లడంలో ఇబ్బంది ఉన్న మాట నిజం. అయితే ఆ ఇబ్బంది మనం వెళ్లకపోతే తీరదు, ఎలా వెళ్తామన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. కిటికీలోంచి మిఠాయిలు విసిరి ఫొటో తీసుకుని వెళ్లిపోయే బండి వల్లే రోడ్డు పక్క పిల్లలు చేయి చాచడం నేర్చారు. గైడ్‌కి ఇచ్చిన కూలి, గుర్రానికి ఇచ్చిన అద్దె, ఊళ్లో తిన్న భోజనం ఖరీదు ఆ రాత్రికి ఆ ఇంట్లోనే ఉంటాయి. ఏమైనా ఇవ్వాలనిపిస్తే లాడ్జి ద్వారా బడికో ఆసుపత్రికో ఇవ్వొచ్చు. ఫొటో అడిగి తీయాలి. ముఖానికి ఎర్రమట్టి పూసుకుని, దుప్పట్లు కప్పుకుని గుంపుగా వెళ్లే కుర్రాళ్లు దీక్షా సంస్కారంలో ఉన్నవాళ్లు. వాళ్ల వైపు కెమెరా ఎత్తనే కూడదు. ఇంటి ముందు కర్రకి తెల్ల జెండా కట్టి ఉంటే జొన్న బీరు కాచారని గుర్తు, పిలిస్తే వెళ్లి కూర్చోవచ్చు.

డబ్బు దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. లెసోతో కరెన్సీ లోటీ, బహువచనంలో మలోటీ. దాని విలువ దక్షిణాఫ్రికా ర్యాండ్‌తో సమానం, ర్యాండ్ అక్కడ ఎక్కడైనా చెల్లుతుంది. కానీ చిల్లరగా చేతికొచ్చిన మలోటీ సరిహద్దు అవతల దుకాణాల్లో చెల్లదు. కొండల్లో ఏటీఎంలు అరుదు, కార్డు తీసుకునే చోట్లు ఇంకా అరుదు. కాబట్టి ర్యాండ్లు చిన్న నోట్లుగా తీసుకెళ్లి, పెట్రోలు పల్లపు పట్టణాల్లోనే నింపుకుని, మలోటీ చేతిలో మిగలకుండా చూసుకోవాలి. ఎక్కడ ఖర్చుపెట్టాలన్నదానికీ లెక్కుంది. 2018లో వచ్చిన 'బ్లాక్ పాంథర్' సినిమాతో ప్రపంచానికి తెలిసిన బసోతో దుప్పటి అందమైనదే, కానీ మొక్కజొన్న కంకి బొమ్మలున్న అసలు సిసలు సెయానా మరేనా రకం నేసేది దక్షిణాఫ్రికాలోని ఒక కర్మాగారం. చలికి కావాలంటే కొనండి, ఊరి ఉపాధి అనుకుని కాదు. ఆ సర్పిలాకారపు కలబంద మొక్కలు రోడ్డు పక్క అమ్మినా కొనకూడదు, అది చట్టవిరుద్ధం. గడ్డితో అల్లిన శంఖాకారపు మొకొరోట్లో టోపీ, మొహెయిర్ నేత పటాలు అక్కడి చేతిపనే. మొహెయిర్ అంటే అంగోరా మేక ఉన్ని. దాని ఉత్పత్తిలో దక్షిణాఫ్రికా తర్వాత ప్రపంచంలో లెసోతోదే స్థానం. నేతగత్తెల సంఘాలు టెయాటెయానెంగ్ ఊళ్లో ఉన్నాయి. మసేరు నుంచి ఫిక్స్‌బర్గ్ సరిహద్దుకి తిరుగు ప్రయాణంలో ఆ ఊరు దారిలోనే తగులుతుంది. అక్కణ్నుంచి వంతెన గంట దూరం, మిగిలిన మలోటీ అక్కడే ఖర్చుపెట్టేయొచ్చు.